మజిలీ ఊళ్ళ దారిలో తప్పిన మాట

నాన్నా, ఎలా ఉన్నావు? నువ్వు పోయి పది నెలలు దాటింది. నేను బాగానే ఉన్నాను. మోకాలు మాత్రం ఇదివరకటిలాగే, మెట్లెక్కితే టక్కుమంటుంది. నీ మంచం ఇంకా తీయలేదు. ఉతికిన బట్టలు దాని మీదే పోస్తున్నాను... నువ్వుంటే తిట్టేవాడివి.

ఇవన్నీ తర్వాత. అసలు సంగతి ముందు చెప్పేస్తాను, నసిగితే నీకు నచ్చదు కదా. నేను జపాన్ వెళ్ళొచ్చాను.

అవును, ఆ దేశమే. ఏ దేశం పేరెత్తితే నువ్వు కంచం ముందు నుంచి లేచిపోయేవాడివో అదే. తొమ్మిది రోజులు ఉన్నాను. వాళ్ళ అన్నం తిన్నాను, వాళ్ళ పరుపు మీద పడుకున్నాను, వాళ్ళ కొండదారిలో ఎనిమిది కిలోమీటర్లు నడిచాను. నాకేమీ కాలేదు. కాళ్ళు వాచాయి, అంతే.

కోపం వచ్చిందా? రానీ. నువ్వు బతికున్నన్నాళ్ళూ నీ కోపానికి భయపడ్డాను. ఇప్పుడు కూడా భయపడాలంటే ఎలా నాన్నా?

నీ పదకొండో రోజు కర్మ నాడు ఏం జరిగిందో నీకు తెలుసో లేదో. ఏటి ఒడ్డున అరిటాకు వేసి ముద్దలు పెట్టాం. నీకిష్టమని పక్కన నెత్తళ్ళ సంబల్ కారం కూడా పెట్టాను. పంతులు మొహం చిట్లించాడు, అయినా పెట్టాను. చెట్టు మీద కాకులు ఐదో ఆరో ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. మన ఊరు సుంగై సిపుట్ మార్కెట్లో కాకులు మనిషి చేతిలో చేపని కూడా వదలవు కదా, ఆ రోజు మాత్రం కొమ్మ మీద బుద్ధిగా కూర్చున్నాయి.

పోయినవాళ్ళ మనసులో ఏదో మిగిలిపోతే కాకి ముట్టదంటారు. ఇంకేం, అందరూ మాటలివ్వడం మొదలుపెట్టారు. ఇల్లు అమ్మం అని ఒకరు. నీ సైకిల్ పాత ఇనుముకి వేయం అని ఒకరు. కాకులు కదల్లేదు. ఎండ నెత్తికెక్కుతోంది. అప్పుడు తమ్ముడు ముందుకొచ్చి, చేతులు జోడించి, అందరికీ వినపడేలా మాటిచ్చాడు. తులసిని జపాన్ నుంచి వెనక్కి పిలిపిస్తాం, ఏడాది తిరిగేలోగా ఇంటికి తెస్తాం, మన ఇంటి మనిషి ఇక ఆ గడ్డ మీద ఉండదు అని.

ఒక కాకి దిగింది. ముద్ద ముట్టింది. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

కానీ ఒకటి అడుగుతాను. తులసి నా కూతురు. ఉద్యోగం దానిది. మాట ఇచ్చింది తమ్ముడు. మధ్యలో నన్ను ఒక్కరైనా అడిగారా? నువ్వైనా... ఆ కాకి నువ్వే అయితే, దిగే ముందు నా వంక ఒకసారి చూశావా?

నీకు తెలిసిన కథే, అయినా నా నోటితో ఒకసారి చెప్పుకోనీ. యుద్ధంలో జపాన్ వాళ్ళు మనల్ని ఏలిన కాలంలో, నీకు మూడేళ్ళప్పుడు, రబ్బరు ఎస్టేటులో కూలీల ఇళ్ళ ముందుకి లోరీ వచ్చింది. మూడు నెలల పని, బియ్యం ఇస్తాం అని చెప్పి మగవాళ్ళని ఎక్కించుకుపోయారు. మీ నాన్న, అప్పలస్వామి తాత, అందులో ఎక్కాడు. సయాం దేశపు అడవుల్లో రైలు దారి వేయడానికని తర్వాత తెలిసింది. తిరిగి రాలేదు. చనిపోయాడని చూసి చెప్పినవాళ్ళు లేరు కాబట్టి నాయనమ్మ బొట్టు తీయలేదు, పుస్తెలు తీయలేదు. రబ్బరు పాలు గీస్తూ నిన్ను పెంచింది. పోయే రోజున కూడా ముత్తయిదువుగానే పోయింది. తాతకి తద్దినం పెట్టడానికి ఒక తిథి కూడా లేదు.

నువ్వు ఎప్పుడూ ఒకటే అనేవాడివి. "అయ్య మొకం గ్యాపకం నేదు గుంటా. బుజం మీద తువ్వాలు గ్యాపకం. ఎర్ర గళ్ళది." అంతకు మించి చెప్పేవాడివి కాదు. మేమూ అడిగేవాళ్ళం కాదు.

అందుకే మన ఇంట్లోకి ఆ దేశం వస్తువు రాకూడదన్నావు. ఊరంతా మోటారు సైకిళ్ళ మీద తిరుగుతుంటే నువ్వొక్కడివే సైకిల్ తొక్కావు. రేడియో కొంటే అట్టపెట్టె మీద అక్షరాలన్నీ నాతో చదివించావు. తమ్ముడు మన మలేసియా కారని కారు కొన్నప్పుడు ఎంత మురిసిపోయావో. "సూడు, మనోళ్ళు సేసిన ఇంజను, ఎంత నెమ్మదిగా మాటాడతందో" అని బానెట్ మీద చెయ్యి వేసి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడివి. ఆ ఇంజను జపాన్‌ది నాన్నా. వర్క్‌షాప్ చైనా ఆయన మొదటి నెలలోనే చెప్పాడు. నీకు చెప్పవద్దని ఆయన్ని బతిమాలుకున్నాం. పద్నాలుగేళ్ళు ఆ కారులోనే గుడికీ ఆసుపత్రికీ తిరిగావు.

నవ్వొచ్చిందా? కాస్తైనా?

తులసి సంగతిలో మాత్రం నాకు నవ్వు రాదు. దానికి ఆరేళ్ళప్పుడు దాని తండ్రి పోయాడు. ఆ వారంలోనే ఎవరి లోరీనో అడిగి తెచ్చి, మా సామాన్లు నీ చేతులతో ఎక్కించి, మమ్మల్ని ఇంటికి తీసుకొచ్చింది నువ్వు. దాన్ని సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళింది నువ్వు. నువ్వు లోరీ తోలిన పాత రోడ్డు మీద ఈపో పట్నం దాకా ఏ మలుపు తర్వాత ఏ ఊరొస్తుందో దానికి పాఠంలా నేర్పావు. అది నర్సు చదువు చదివి, జపాన్‌లో ముసలివాళ్ళ ఇంట్లో పని దొరికింది తాతా అని చెప్పిన రోజున... నీ మాటలు, చివర నువ్వు అలవాటుగా తగిలించే మలాయి 'లా'తో సహా, నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మా అయ్యని సంపినోళ్ళకి నా మనవరాలు గంజి తాపిస్తాదా? ఇక నాకు మనవరాలు నేదు లా."

మూడేళ్ళు. ప్రతి ఆదివారం అది ఫోన్ చేసేది. ప్రతి ఆదివారం నువ్వు గోడ వైపు తిరిగేవాడివి. కట్టేయమని, "ఆ పోను ఒగ్గీ" అనేవాడివి. ఆఖరి వారంలో, మాట పడిపోయాక, స్పీకర్లో దాని గొంతు వింటూ నువ్వు చెయ్యి కదిపావు. ఇటు తెమ్మన్నావా? కట్టేయమన్నావా? నాకు ఈ రోజుకీ తెలియదు. అది మాత్రం తాత తనని పిలిచాడనే అనుకుంటోంది. నేను కాదనలేదు.

ఇక తమ్ముడి సంగతి. వాడు మంచివాడే, నీకు తెలుసు. కానీ కాకికి ఇచ్చిన మాట అప్పటి నుంచి వాడిని తినేస్తోంది. వారం వారం వచ్చి తులసి ఎప్పుడొస్తోందని అడిగేవాడు. వాళ్ళ అబ్బాయికి జ్వరమొస్తే ఆ మాట వల్లే అన్నాడు. ఇంట్లో పైపు పగిలితే ఆ మాట వల్లే అన్నాడు. ఏడాది లోపల సముద్రం దాటకూడదని నియమం కదా? నేను వెళ్ళి తులసిని తీసుకొస్తానంటే ఆ నియమాన్ని వాడే పక్కన పెట్టి టికెట్ కొనిపెట్టాడు.

నేను నిజంగానే దాన్ని తీసుకురావాలని వెళ్ళాను. నీకు అబద్ధం చెప్పను. ఆ కాకి దిగడం నేనూ చూశాను కదా. నెత్తళ్ళ వాసనకి దిగిందని పగలు అనుకునేదాన్ని, పడుకోబోయే ముందు మాత్రం నువ్వే దిగావనిపించేది. నువ్వు ఆకలితో తిరుగుతున్నావంటే నేను తట్టుకోగలనా?

విమానాశ్రయంలో తులసిని చూసి ఒక్క క్షణం పోల్చుకోలేదు. జుట్టు కత్తిరించుకుంది. చిక్కింది. కానీ నడకలో ఏదో స్థిరం వచ్చింది, మన ఊళ్ళో ఉన్నప్పుడు అది లేదు. నేనెందుకొచ్చానో దానికి తెలుసు, మామయ్య ముందే చెప్పేశాడట. ఉద్యోగం మానేస్తున్నట్టు కాగితం రాసి బ్యాగులో పెట్టుకుంది. నువ్వు రమ్మంటే సోమవారం ఇచ్చేస్తానమ్మా, అయితే గదిలో కూర్చుని చెప్పకు, ఒక రోజు నాతో నడువు, నడుస్తూ చెప్పు అంది.

అలా తీసుకెళ్ళింది మాగోమె అనే ఊరికి. అక్కడి నుంచి త్సుమాగో అనే ఊరి దాకా కొండ మీదుగా పాత దారి ఉంది. వెనకటి రోజుల్లో రాజధానికి వెళ్ళే పెద్ద రోడ్డు అదేనట. కొన్ని మైళ్ళకొక మజిలీ ఊరు. దొరలు, వర్తకులు, యాత్రికులు అందరూ అక్కడ ఆగి, తిని, పడుకుని, గుర్రాలు మార్చుకుని, మర్నాడు మళ్ళీ నడిచేవాళ్ళట. తర్వాత వేరే చోట రైలూ కొత్త రోడ్డూ వచ్చాయి. ఈ ఊళ్ళు పక్కన పడిపోయాయి.

వినగానే నువ్వే గుర్తొచ్చావు. ముప్పై ఏళ్ళు పాత రోడ్డు మీద లోరీ నడిపి, ఎక్స్‌ప్రెస్ హైవే పడ్డాక దాని మొహం చూడనన్నవాడివి. "టోలు కట్టి పోయే దారి దారేటి లా? దాని మీద ఒక టీ కొట్టుందా, పలకరించే మనిసున్నాడా?" హైవే వచ్చాక మూతపడిన కొట్ల పేర్లన్నీ నీకు కంఠతా వచ్చు. ఈ దారి ఇంకే దేశంలో ఉన్నా నువ్వు నా కంటే ముందు బయల్దేరేవాడివి.

మాగోమె ఊరే ఒక ఎక్కుడు. రాళ్ళు పరిచిన వీధి, రెండు పక్కలా నల్లటి చెక్క ఇళ్ళు, పక్కన కాలువలో గలగలమని నీళ్ళు. ఒక చోట చెక్క చక్రం ఆ నీళ్ళతో తిరుగుతోంది. చూరుకి ఒలిచిన పండ్లు దండలు కట్టి ఆరబెట్టారు. వీధంతా కాల్చిన అన్నం ముద్దల వాసన, పుల్లలకి గుచ్చి ఏదో తీపి కారం పూసి అమ్ముతున్నారు. ఒకటి తిన్నాను. బాగుంది. బాగుందని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

ఊరు దాటగానే మోకాలు మొదలుపెట్టింది. నువ్వు కొత్త డ్రైవర్లకి చెప్పే మాట తలచుకున్నాను. "ఎక్కేకాడ ఒకటో గేరెయ్యడానికి సిగ్గుపడకూడదు." సిగ్గుపడలేదు. తెల్లవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ, నా కంటే పదేళ్ళు పెద్దావిడ ఒకామె, అందరూ నన్ను దాటి వెళ్ళిపోయారు. తులసి నా పక్కనే నడిచింది. ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు.

ఆ అడవిలో ఎలుగుబంట్లు ఉన్నాయట. దారి పొడవునా కొయ్యలకి గంటలు కట్టారు, వచ్చేవాళ్ళు మోగించి వెళ్ళాలి. తులసి ఒకసారి మోగిస్తే నేను నాలుగుసార్లు మోగించాను. ఎలుగుబంటి పారిపోవడానికి కాదు, నేను ఇక్కడున్నానని నీకు తెలియాలని. వినపడిందా?

కొండ మీదకి వెళ్ళేకొద్దీ రాళ్ళ దారి ఇంకా పాతది. నున్నగా అరిగిపోయి, నాచు పట్టి ఉంది. ఈ రాళ్ళు ఎవరు పరిచారని తులసిని అడిగాను. చుట్టుపక్కల పల్లెలవాళ్ళంది. వాళ్ళ మనవలే ఇప్పటికీ ఏటేటా కలుపు తీసి, కదిలిన రాయి సరిచేసి చూసుకుంటారట.

నాకు ఒళ్ళు మండిపోయింది నాన్నా. అక్కడే ఒక దుంగ మీద కూలబడ్డాను. వీళ్ళ తాతలు పరిచిన రాయి ఒక్కటి కదిలినా పదిమంది వస్తారు. తాత రైలు దారికి మోసిన చెక్కలెక్కడ? ఏ అడవిలో, ఎన్నో మైలు దగ్గర పడిపోయాడు? ఆయన్ని ఎక్కించుకున్న చోటు కూడా మిగల్లేదు. కూలీల ఇళ్ళు పడగొట్టి, పామాయిల్ తోట వేసి, ఇప్పుడు దాన్నీ కొట్టేసి డాబా ఇళ్ళు కడుతున్నారు. ఇదంతా ఎవరితో చెప్పాలి? తులసి నీళ్ళ సీసా తీసి ఇచ్చింది. నా కోపం చూసి, ఇక తనని ఇంటికి తీసుకెళ్ళిపోతానని అనుకుని ఉంటుంది.

కొండ దాటి కొంత దిగాక ఒక పాత చెక్క ఇల్లు వచ్చింది. నడిచేవాళ్ళకి అక్కడ ఊరికే టీ ఇస్తారు, డబ్బు అడగరు. లోపల మట్టినేల, మధ్యలో పొయ్యి, పైకప్పు అంతా పొగచూరి నల్లగా ఉంది. పొయ్యి పక్క మెత్త మీద మోకాళ్ళు మడుచుకుని ఒక ముసలాయన కూర్చుని టీ పోస్తున్నాడు. నీ వయసుంటుంది. చేతులు వణుకుతున్నాయి, నీ చేతుల్లాగే.

నేను ఒక మాట మలేసియాలోనే తయారు చేసుకుని వెళ్ళాను. వాళ్ళలో ఒక్కడికైనా చెప్పకుండా రాకూడదనుకున్నాను. తులసితో అన్నాను, ఆయనకి చెప్పు, మా తాతని మీవాళ్ళు లోరీ ఎక్కించి తీసుకెళ్ళారు, సయాం రైలు దారికి, ఆయన తిరిగి రాలేదు అని. తులసి మొహం తెల్లబోయింది. వద్దమ్మా, ఈయనేం చేశాడంది. చెప్పు అన్నాను.

చెప్పింది. మిగతా నడిచేవాళ్ళు ఇద్దరు ముగ్గురు కప్పులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. ముసలాయన టీ పోయడం ఆపాడు. తర్వాత, తన అన్న కూడా సైన్యంలో బర్మా వెళ్ళి అక్కడే పోయాడని, ఎముకలు కూడా రాలేదని మెల్లగా చెప్పాడు.

నాకు జాలి వేసింది. అయినా ఒప్పుకోలేదు. రెండూ ఒకటి కాదని చెప్పమన్నాను. ఆయన అన్న తుపాకి పట్టుకుని వెళ్ళాడు, మా తాత తువ్వాలు వేసుకుని వెళ్ళాడు. తులసి ఈసారి వద్దనలేదు. నా కంటే నెమ్మదిగా, కానీ పూర్తిగా చెప్పింది. నా కూతురు ఆ భాషలో తాత కోసం మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నాను నాన్నా. నువ్వెన్నేళ్ళు కంచం ముందు నుంచి లేచిపోయినా ఈ మాట ఆ దేశం చెవిన పడలేదు. తులసి అక్కడుండబట్టి పడింది.

ముసలాయన తల వంచాడు. అవును, ఒకటి కాదు అన్నాడు. క్షమించమని అడిగితే ఏం చేసేదాన్నో నాకు తెలియదు, ఆయన అడగలేదు. వచ్చినవాళ్ళు పేర్లు రాసే పుస్తకం ఒకటి నా వైపు జరిపాడు. మీ తాతగారి పేరు రాయండి, మీ పేరు కాదు అన్నాడట.

రాశాను. మన అక్షరాల్లో. "అప్పలస్వామి. సుంగై సిపుట్ ఎస్టేటు." తాత పేరు ఇంతవరకు ఎక్కడా రాసి లేదు కదా... రాయి లేదు, తిథి లేదు, కాగితం లేదు. తులసికి తెలుగు చదవడం రాదు, ఏం రాశావో చదవమంది. చదివాను. అక్కడున్నవాళ్ళెవరికీ అర్థం కాకపోయినా అందరూ విన్నారు.

ఇప్పుడు నీకు చెప్పాల్సిన సంగతి వచ్చింది. ముసలాయన నీళ్ళు తేవడానికి లేవబోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయాడు. తులసి వెళ్ళి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి పట్టి లాగలేదు. ముందు ఆయన చెవి దగ్గర ఏదో చెప్పింది. ఒక అరచెయ్యి భుజం వెనక, రెండోది నడుము దగ్గర. కాస్త ముందుకి వంచి, ఆయన ఊపిరి పీల్చుకునే దాకా ఆగి, అప్పుడు లేపింది. ఆయన మొహంలో నొప్పి లేదు.

అది నా చెయ్యి నాన్నా. ఆఖరి ఆరు నెలలు నేను నిన్ను రోజుకి పదిసార్లు పక్కకి తిప్పింది అలాగే. తిప్పుతున్నానని ముందు చెప్పి, మోకాలు మడిచి, భుజం మీద ఒక చెయ్యి, నడుము మీద ఒక చెయ్యి, నీ ఊపిరికి ఆగి... గుర్తుందా? మొదట్లో నేను తిప్పితే కేకలు పెట్టేవాడివి. తర్వాత ఒకరోజు నువ్వే అన్నావు. "నన్ను బస్తాలా దొర్లించకుండా అడిగి తిప్పతన్నావు. ఎవులు నేర్పినారే?"

పెద్దాసుపత్రి నర్సు నేర్పిందన్నాను. అబద్ధం. తులసి నేర్పింది. ఆదివారాలు నువ్వు గోడ వైపు తిరిగాక, ఆ ఫోన్ వంటింట్లోకి తీసుకెళ్ళేదాన్ని. అది అక్కడ తలగడని పడుకోబెట్టి చూపించేది, నేను ఇక్కడ చూసి నేర్చుకునేదాన్ని. నీకు నీళ్ళు పొలమారకుండా చిక్కగా కలిపి తాగించడం అదే చెప్పింది. నీ వీపు మీద పుండు పడకుండా కాపాడింది అదే. ఆ పని దానికి నేర్పింది అక్కడి ముసలివాళ్ళు. నువ్వు పుండు లేకుండా పోయావు. డాక్టర్ కూడా ఆశ్చర్యపోయాడు.

బతికుండగా నీకెందుకు చెప్పలేదు? చెబితే ఒళ్ళు ముట్టుకోనివ్వవని భయపడ్డాను. ఆ భయం తప్పో ఒప్పో నాకు తెలియదు. చెప్పి ఉంటే ఒక్కసారైనా దానితో మాట్లాడేవాడివేమో... ఆ పాపం మాత్రం నాదే. దాన్ని ఎవరి మీదకీ నెట్టను.

ఆ టీ ఇంట్లోంచి బయటికి రాగానే తులసితో చెప్పేశాను. నువ్వు రావద్దు అని. అంతే, రెండు ముక్కలు. అది నమ్మలేదు. మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత దారి పక్కన కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చింది, చిన్నప్పుడు సైకిల్ మీద నుంచి పడితే ఏడ్చినట్టే. మామయ్యకి ఏం చెబుతావంది. తాతకి ఏం చెబుతావంది. తాతకి ఉత్తరం రాస్తానన్నాను. అది ఏడుస్తూనే నవ్వింది.

దిగుడు దారి నీకు నచ్చేది. రెండు జలపాతాలు, పొడుగాటి దేవదారు చెట్లు, తర్వాత వరి మడులు. ఎక్కడం కంటే దిగడమే నా మోకాలికి కష్టమైంది. సాయంత్రం కావస్తుండగా త్సుమాగో చేరాం.

ఆ ఊళ్ళో కరెంటు తీగ ఒక్కటి కనపడదు. అన్నీ ఇళ్ళ వెనకనుంచి లాగారట. పగలు కార్లు రానివ్వరు. వీధి మొత్తం పాత సత్రాలే, చెక్క జాలీల కిటికీలు, గుమ్మం పక్క కాగితం దీపాలు. అక్కడివాళ్ళంతా కూర్చుని ఒక మాట అనుకున్నారని తులసి చెప్పింది. ఇళ్ళు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు అని. ఊరు ఖాళీ అయిపోతుంటే అలా నిలబెట్టుకున్నారట. మెచ్చుకున్నాను. కుళ్ళుకున్నాను కూడా. మన ఎస్టేటు ఇళ్ళు మనవి కావు కదా, అనుకోవడానికి మాట కూడా మన చేతిలో లేకపోయింది.

ఒక సత్రం ముందుగదిలో పాత మజిలీ లెక్కలు పెట్టి చూపించారు. బరువులు మోసే కూలీలు, గుర్రాలు తోలేవాళ్ళు ఎక్కడ ఆగేవాళ్ళో బొమ్మలు గీసి పెట్టారు. నువ్వుంటే అందులో నీలాంటివాళ్ళని వెతికేవాడివి. నేను వెతికాను. ఒకడు చెప్పులు విప్పి పాదాలు పిసుక్కుంటున్నాడు. వాడి దగ్గర కాసేపు నిలబడ్డాను.

ఆ రాత్రికి సత్రంలోనే ఉన్నాం. తులసి నా కాళ్ళకి వేడినీళ్ళ గుడ్డ పెట్టింది. ఉడికించిన చెస్ట్‌నట్ గింజలతో చేసిన మిఠాయి తిన్నాం. అది తన ముసలివాళ్ళ గురించి చెప్పింది. ఒకావిడ దీన్ని తన చెల్లెలనుకుంటుందట. ఒకాయన రోజూ స్టేషన్‌కి వెళ్ళాలని చెప్పులు వేసుకుంటాడట, దీనితో గేటు దాకా నడిచి తిరిగొస్తాడట. సోమవారం అది కాగితం ఇవ్వలేదు, డ్యూటీకి వెళ్ళింది. నేను ఒక్కదాన్నే తిరిగొచ్చాను.

తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. విమానాశ్రయంలో నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు, పాపం. కారు ఈపో దాటింది. తర్వాత, నాన్న ఆకలితో తిరుగుతాడు అక్కా అన్నాడు. వాడికి చెప్పాను, నాన్నకి ఆఖరి గంజి చుక్క దాకా దిగేలా చూసింది ఆ పిల్లే అని. వంటింటి ఫోన్ సంగతి అంతా చెప్పాను. వాడు కారు పక్కకి ఆపాడు. ఒప్పుకున్నాడని మాత్రం అనుకోకు. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.

వచ్చే నెల కాక పై నెలలో నీ ఏడూడు తద్దినం. తులసి ఐదు రోజుల సెలవు పెట్టి వస్తోంది. ఆ రోజు బియ్యం అదే కడుగుతుంది, ముద్ద అదే కలుపుతుంది. తమ్ముడు ఆకు దగ్గరికి రానివ్వకపోతే వేరే ఆకు వేస్తాను. ఈసారి ఎవరూ నీకు ఏ మాటా ఇవ్వరు, నేను ఇవ్వనివ్వను. తింటే తిను, లేకపోతే లేదు. ఆరో రోజు నేనే దాన్ని విమానం ఎక్కిస్తాను.

మాట ఇచ్చింది తమ్ముడు, తప్పింది నేను. వాడు నీ మీద ప్రేమతో ఇచ్చాడు, వాణ్ణి ఏమీ అనకు. నీ కోపం ఇంకా తీరకపోతే నా దగ్గరికి రా. ఇంట్లోనే ఉంటాను, నాతో తేల్చుకో. పిల్ల జోలికి మాత్రం రాకు.

నీ కూతురు,
పైడి